పాత అచ్చు కాల్చే ముందు

హరిబాబు సీపీయూ మూత తీసి, బ్లోయరు మూతి లోపలికి పెట్టి మీట నొక్కాడు. ఎర్రటి ధూళి లేచి మొహమంతా కమ్మింది. పెడనలో ఏ కంప్యూటరు విప్పినా ఇంతే, అద్దకం షెడ్ల రంగు పొడి లోపల పేరుకుని ఉంటుంది. కనురెప్పలు తుడుచుకుని, బొజ్జ మీద పైకి లేచిన చొక్కాని కిందికి లాక్కుని, మూత బిగించి మళ్లీ ఆన్ చేశాడు. దుమ్ము పోయింది. జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఆ కంప్యూటరు పూర్ణిమది. రైలు గేటు అవతల కలంకారీ అద్దకాల షెడ్డు నడుపుతుంది. పొద్దున్నే దాన్ని స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని, వెనక వాళ్ల నాన్న చిన్నబాబు గారిని కూర్చోబెట్టుకుని వచ్చింది. ఆయన అచ్చులు చెక్కే మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక ఉలి పట్టడం మానేశారు. దానికి ముందు ఆయన గీసిన ఆఖరి తీగ డిజైను ఇందులో ఉంది. గీసిన కాగితాన్ని చెక్క మీద అతికించి, దాని మీదుగానే చెక్కేస్తారు గనక కాగితం మిగల్లేదు. చెక్కిన టేకు అచ్చు నిరుడు వానల్లో నెర్రెలిచ్చి రెండు ముక్కలైంది. ఇక మిగిలింది పూర్ణిమ స్కాన్ చేసి దాచిన ఫైలొక్కటే. ఇప్పుడది తెరిస్తే తెల్లగా వస్తోంది. వైరస్ తినేసింది.

వెతగ్గా వెతగ్గా, రిస్టోర్ అరలో ఆ ఫైలు పాత కాపీ ఒకటి హరిబాబుకి కనిపించింది. కంప్యూటరు తనంతట తాను దాచుకున్నది. బయటికి తీద్దామంటే వైరస్ తియ్యనివ్వదు, ముట్టుకోగానే మిషను బిగుసుకుపోతోంది.

ముందు రిస్టోర్ ఆపు, తర్వాత వైరస్ తియ్యి. బందరులో దానియేలు సారు నేర్పిన మొదటి పాఠం అది. ఆపకపోతే వైరస్ ఆ అరలో దాక్కుని మళ్లీ పైకొస్తుందట. ఆపితే అరలో ఉన్నవన్నీ పోతాయి. గుడి మెట్లెక్కే ముందు చెప్పులు విడిచినట్టు హరిబాబు ఇన్నేళ్లూ ముందు అదే ఆపుతూ వచ్చాడు.

ఎందుకని అడిగే అలవాటు అతనికి చిన్నప్పటి నుంచీ లేదు. పదో తరగతి తప్పాక మేనమామ రేడియో షాపులో కూర్చోమంటే కూర్చున్నాడు. బావ కంప్యూటరు నేర్చుకోమంటే బందరు బస్సెక్కాడు. జ్యోతిర్మయిని చేసుకోమన్నారు, చేసుకున్నాడు. ఆ ఒక్కటి మాత్రం బాగా కుదిరిందని ఇప్పటికీ అనుకుంటాడు. షాపు బోర్డుకి ఆకుపచ్చ రంగు ఎంచింది కూడా బోర్డు రాసినవాడే.

దానియేలు సారుకి ఫోను చేశాడు. ఆయన ఇప్పుడు రొయ్యల మేత వ్యాపారంలో ఉన్నాడు. వెనక లారీ చప్పుడులో సంగతంతా విన్నాడు.

“అప్పుడలాగే చెప్పేవాళ్లం రా. మాకూ ఎవరో అలాగే చెప్పారు. ఎందుకని నేనూ అడగలా.”

రిపేర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి చూశాడు. ఆపకపోతే వైరస్ తిరిగొస్తుందని గుడివాడ ఆయన, ఆపితే వెనక్కి దారే ఉండదని అవనిగడ్డ ఆయన రాశారు. కాసేపటికి ఇద్దరూ, నువ్వెక్కడ నేర్చుకున్నావంటే నువ్వెక్కడ నేర్చుకున్నావనుకున్నారు. మధ్యలో ఇంకెవరో గుడ్ మార్నింగ్ గులాబీ పెట్టారు. హరిబాబుకి ఇద్దరి మాటా నిజమే అనిపించింది. తల వేడెక్కింది.

“ఏంటన్నయ్యా, మిషను వదిలేసి ఫోను చూస్తున్నావ్? వైరస్ అందులో ఉందా?” అంది పూర్ణిమ.

అతను నసుగుతూ విషయం చెప్పాడు. స్టూలు మీద, వణికే చేతుల్ని మోకాళ్ల మధ్య బిగించుకుని కూర్చున్న చిన్నబాబు గారు అంతా విన్నారు.

“పురుగు పట్టిన అచ్చులాంటిదేగా,” అన్నారు. “దాన్ని ఎమ్మటే కాల్చం అబ్బాయ్. గుడ్డలో చుట్టి దూరంగా పెడతాం. దాన్ని చూసే కొత్తది చెక్కుతాం. కొత్తది గుడ్డ మీద వేసి, చెక్కినోడు చూసి, అచ్చు సరిగ్గా పడిందంటేనే పాతది పొయ్యిలో పెట్టేది.”

“ఈలోగా పక్కవాటికి పురుగు పట్టదా బాబాయిగారూ?”

“పట్టొచ్చు ఒక్కోసారి. పట్టినవి మళ్లీ చెక్కుకుంటాం.”

ఇది చెప్పినట్టో చెప్పనట్టో హరిబాబుకి అర్థం కాలేదు. మౌసు పట్టుకుంటే చెయ్యి అలవాటు కొద్దీ తిన్నగా రిస్టోర్ ఆపే చోటికి పోయింది. అక్కడే ఆగాడు. వేలు ఎత్తి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, దాన్ని ఆపకుండానే వైరస్ స్కాన్ మొదలుపెట్టాడు. తప్పు చేస్తున్నట్టే ఉంది.

స్కాన్ నత్తలా నడిచింది. ఎండ గుమ్మం దాకా వచ్చింది. నాన్న అలిసిపోయారని పూర్ణిమ భోజనానికి బయల్దేరదీసింది. స్కూటీ ఎక్కబోతూ ఆయన వెనక్కి తిరిగారు.

“దొరికితే కాగితం మీద తియ్యి. పడిందో లేదో నేను చెప్తాను.”

జ్యోతిర్మయి ఇచ్చిన క్యారేజీలో పప్పన్నం కలుపుకుని, తెర మీద కదిలే పచ్చ గీతని చూస్తూ తిన్నాడు. పొద్దు వాలేవేళకి గీత నిండింది. మిషను ఆపి మళ్లీ వేశాడు. అరలోని పాత కాపీని తాకాడు. ఈసారి బిగుసుకోలేదు. తెల్ల తెర మీద తీగ ఆకు ఆకుగా దిగింది, ఎక్కడా చెయ్యి వణకని గీత. హరిబాబు దాన్ని బయటికి తీసి వేరేచోట దాచి, ప్రింటుకి పంపాడు.

ఇక అరని ఖాళీ చెయ్యొచ్చు. వైరస్ ఇంకా అందులో దాక్కుని ఉండొచ్చు కూడా. రిస్టోర్ ఆపే చోట నొక్కాడు. పాతవన్నీ పోతాయి, సరేనా అని కంప్యూటరు అడిగింది. అప్పుడే ఫోను మోగింది.

“నాన్న పోయారన్నయ్యా,” అంది పూర్ణిమ. “అన్నం తిని పడుకున్నారు. టీకి లేపితే లేవలా.”

వస్తున్నానమ్మా అన్నాడు. ఫోను పెట్టేసి తెర వైపు చూశాడు. సరే అనాలో వద్దనాలో తెలియలేదు. పడిందో లేదో చెక్కిన మనిషే చూసి చెప్పాలి. ఇక ఎవరిని అడగాలి? మౌసు మీద నుంచి చెయ్యి తీసేసి, దేనికీ జవాబివ్వకుండా షట్టరు సగం దించి, రైలు గేటు వైపు నడిచాడు. ఫ్యాను కట్టెయ్యడం మరిచిపోయాడు.

ప్రింటరు ట్రేలో, సిరా ఇంకా ఆరని తీగ బొమ్మ కాగితం అంచు ఒకటి ఆ గాలికి లేస్తూ పడుతూ ఉంది.