కేక కింద గంప

సంతరోజు చీకటితోనే లేవడం, గంజి కాచి భర్త ఏసుదానానికి ఇంత పోసి తానింత తాగడం, కోనాడ ఒడ్డు నుంచి తెప్పించిన ఎండు నెత్తళ్ళ చేపలను గంపకెత్తుకుని ఆటో ఎక్కడం, పెళ్ళయిన నాటి నుంచీ రాజకుమారికి ఇదే బతుకు. గజపతినగరం దాటాక రాయగడ రోడ్డు మీద లింగాలమెట్ట దగ్గర దిగుతుంది. సంతలో తూర్పు కొసన, మైలురాయి పక్కన గోనె పరిచి గంప దించుతుంది. నోరు మాత్రం విప్పదు. విప్పాల్సిన పనిలేదు. అత్త జగ్గమ్మ కేక నెత్తి మీద ఉండనే ఉంది.

జగ్గమ్మ పోయి చాలా ఏళ్ళయింది. బాప్తిస్మం నాడు పాస్టరుగారు మార్తమ్మ అని పేరు పెట్టినా సంతలో ఆవిడ చివరిదాకా జగ్గమ్మే. మనిషి సమాధిలోకి వెళ్ళింది గాని కేక వెళ్ళలేదు. "నెత్తళ్ళో... ఎండు నెత్తళ్ళో..." అంటూ మైలురాయి పైన, మనిషి అందుకోలేనంత ఎత్తులో నిలిచిపోయింది. అందరి కేకలూ అలా నిలవవు. కొందరివి నిలుస్తాయి, అంతే. పొద్దున్నే అది కాస్త నీరసంగా ఉంటుంది. కింద గంపలోంచి బోణీ అయిందా, ఇక సంతంతా మోగిపోతుంది. అందుకని లింగాలమెట్టలో ఒక మర్యాద ఉంది. జగ్గమ్మ కేక లేచేదాకా వంకాయలవాళ్ళు గాని కుండలవాళ్ళు గాని బేరం మొదలెట్టరు.

"అత్త అరుస్తాది, కోడలు అమ్ముకుంటాది. నీ అంత అదృష్టవంతురాలు లేదే" అని పక్కన అల్లం అమ్మే పార్వతి ఎకసెక్కమాడేది. రాజకుమారి నవ్వేసేది. కానీ ఇంటికెళ్ళాక ఆ మాట గుచ్చుకునేది. ఇన్నేళ్ళు సంత చేసి తనకంటూ ఒక్క కేక లేదని ఆవిడకు లోలోపల చిన్నతనంగా ఉండేది.

ఈ ఏడు వేలంలో సంత పాట పాడుకున్నవాడు నరసింగరావు. పాట పాడుకున్నవాడికే ఆశీలు వసూలు చేసే హక్కు. కూర్చున్న ప్రతివాళ్ళ దగ్గరా చెయ్యి చాపుతాడు, చీటీ చింపి ఇస్తాడు. ఆశీలు పుచ్చుకున్న చోటే సంత, పుచ్చుకోని చోటు ఉత్త బయలు. నరసింగరావు తెల్ల చొక్కా నలగని మనిషి, మాట వెన్న. వేసవి ఎండలు ముదిరాక ఒకరోజు రాజకుమారి గంప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"అప్పా, బైపాస్ అవతల సిమెంటు దిమ్మలు కట్టించేను. రేకుల షెడ్డు, బోరు, అన్నీ ఉన్నాయి. ఇక్కడ షాపు గదులు లేస్తాయి. అందరూ సరేనన్నారు. నువ్వే మిగిలేవు."

"మరి మా అత్త కేకో?"

"కేకెక్కడికి పోతాది? దాని కింద మంచి బోర్డు రాయించి పెడతాను. దారిన పోయినోళ్ళు ఆగి వింటారు. జగ్గమ్మకి పేరే గదా."

అత్త పేరు బోర్డు మీద అనేసరికి రాజకుమారి మెత్తబడింది. అదీ ఆవిడ చేసిన పొరపాటు. గట్టిగా కాదనవలసిన చోట, "ఊరెల్లొచ్చి సెప్తాను బాబూ" అంది. వ్యాపారికి ఆ మాట చాలు. కాదనలేదు కాబట్టి అవునన్నట్టే లెక్క.

ఊరంటే పొరుగూరు కాదు, స్కాట్లాండు. అక్కడ కెల్‌బ్రిగ్ అనే ఊళ్ళో చర్చికీ, వీళ్ళ చర్చికీ స్నేహం కుదిరింది. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు రావాలని కబురొచ్చింది. ఇంగ్లీషు వచ్చు గనక టీచరు రూబీ ఒకతె. రెండో మనిషిగా ఎవరిని అడిగినా విమానం పేరు చెప్పగానే నావల్ల కాదన్నారు. "మా గంపతో లగేజి వాన్ మీద ఏలాడినదాన్ని, ఇమానం నన్నేటి సేస్తాది" అని రాజకుమారి బయల్దేరింది. ఉత్తచేతులతో పోకూడదని పెట్టె నిండా నెత్తళ్ళు కుక్కుకుంది. విమానాశ్రయంలో పెట్టె తెరిపించిన ఆఫీసరు ఒక్కసారి గాలి పీల్చి, మారుమాట లేకుండా మూసి పంపేశాడు.

కెల్‌బ్రిగ్‌లో అంతా రాయే. ఇళ్ళు, చర్చి, వంతెన, అన్నీ బూడిదరంగు రాయి. వాళ్ళకు తన ఇంట్లో చోటిచ్చిన పెద్దావిడ మార్గరెట్, మర్నాడు ఊరు చూపించడానికి తీసుకెళ్ళింది. ఊరి మొదట్లో పెద్ద బోర్డు ఉంది.

"చారిత్రక సంత ఊరు అని రాశారు పిన్నీ" అని చదివి చెప్పింది రూబీ.

రాజకుమారి ముఖం వెలిగింది. అన్నీ వదిలి ఇంతదూరమొస్తే ఇక్కడా సంతే. "సంత ఏ వారమో అడగవే. ఆ రోజు ఉండి సూసుకుని పోదాం."

రూబీ అడిగింది. మార్గరెట్ నవ్వుతూ ఏదో చెప్పింది.

"ఇప్పుడు సంత లేదంట పిన్నీ. ఈవిడ అమ్మమ్మ కాలంలోనే ఆగిపోయిందంట."

"మరి సంత ఊరని ఎందుకు రాసుకున్నారు?"

ఆ మాట రూబీ అడగలేదు. మర్యాద కాదనుకుంది.

ఊరి నడుమ రాతి పలకలు పరిచిన బయలు, దాని నిండా కార్లు. మధ్యలో మెట్లు, మెట్ల మీద పాతకాలపు రాతి స్తంభం. ఆ స్తంభం ఉన్న ఊరికే సంత పెట్టుకునే హక్కు ఉండేదట, రాజుగారు ఇచ్చిన హక్కు. దాని దగ్గర యాత్రికులు వరసలో నిలబడి, ఒక్కొక్కరే వంగి రాతికి చెవి ఆనించి, తలాడించి పోతున్నారు. పక్కన ఇత్తడి పలక మీద ఏదో రాసి ఉంది. ఇసబెల్ అనే చేపలావిడ కేకట. సముద్రం నుంచి చేపల బుట్ట వీపున వేసుకుని నడిచి వచ్చేదట. ఆవిడ కేక ఇక్కడ ఉంటుందని మార్గరెట్ మామూలుగా చెప్పింది, మన వాళ్ళు నూతిలో నీళ్ళున్నాయని చెప్పినట్టు.

రాజకుమారి వంతు వచ్చింది. చెవి ఆనించింది. మొదట ఏమీ వినబడలేదు. తర్వాత జ్వరం పడ్డ పిల్ల మూలుగంత సన్నగా వినిపించింది. మాట తెలియలేదు. ఆ చివరి సాగదీత మాత్రం అచ్చం అత్తదే.

"నా చిన్నప్పుడు బడిదాకా వినబడేది. తర్వాత ఇలా అయిపోయింది" అని రూబీ నోట చెప్పించింది మార్గరెట్. "కింద ఎవరూ కూర్చోవడం లేదు కదా. అందుకని పలక పెట్టాం."

పలక. బోర్డు. రాజకుమారికి నరసింగరావు వెన్న మాట గుర్తొచ్చింది. అత్తకు పేరొస్తుందనుకుని తను తలూపినంత పని చేసింది ఈ మూలుగుకా? కేకకు కాళ్ళుండవు, గంపెక్కడికి పోతే అక్కడికి రాదు. గంప తియ్యగానే అది చావడం మొదలెడుతుంది. చచ్చేదాకా జనం వరసలో వచ్చి వింటారు. రాజకుమారికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"ఆ హక్కు తీసీసేరా? అడుగు."

రూబీ అడిగి చెప్పింది. "ఎవరూ తియ్యలేదంట. ఎవరూ వాడటం లేదంట."

రాజకుమారి విసవిసా ఇంటికి నడిచింది. మార్గరెట్ వంటింట్లో బట్టలారేసే బుట్ట కనిపిస్తే అందులో నెత్తళ్ళు పోసింది. తిరిగొచ్చి, స్వెట్టరు మీద కొంగు బిగించి, స్తంభం మెట్టు మీద కూలబడింది.

"పిన్నీ, దీనికి పర్మిషన్ కావాలి. పరువు పోతాది."

"సంత ఊర్లో సంతకి పర్మిషనేటే. కూకో."

పసుపుపచ్చ కోటు వేసుకుని కార్లకు చీటీలు అంటించే మనిషి వచ్చి, ఇక్కడ కూర్చోకూడదన్నాడు. రాజకుమారికి అర్థమైంది. అర్థం కానట్టు ఆయన చేతిలో రెండు నెత్తళ్ళు పెట్టింది. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూడసాగాడు. ఈలోగా చేతికర్ర పట్టుకున్న ముసలాయన ఒకడు వాసన పట్టుకుని వచ్చాడు. వంగి చూసి, మా అమ్మ చేపలు ఇలాగే ఎండేసేదని రూబీతో అన్నాడు. దోసెడు కొనుక్కున్నాడు. రాజకుమారి ఆ నాణేన్ని కళ్ళకద్దుకుంది. బోణీ.

స్తంభంలో కేక దగ్గినట్టయింది. ఇంకొకరు కొనేసరికి రాతిలోంచి పైకి లేచింది. వరసలో ఉన్న యాత్రికులు ఇక వంగక్కర్లేకపోయింది. మార్గరెట్ ఇంటికెళ్ళి జామ్ సీసాలు తెచ్చి రెండో మెట్టు మీద పేర్చింది. ఎవరో కోడిగుడ్లు తెచ్చారు. మధ్యాహ్నానికి ఇసబెల్ కేక బస్టాపు దాకా పోయింది, పసుపుపచ్చ కోటాయన కార్లను పక్కకు జరిపిస్తున్నాడు. ఉన్నన్నాళ్ళూ రాజకుమారి వేరే చోటేదీ చూడలేదు. వచ్చేముందు ఆ మెట్టు మార్గరెట్‌కి అప్పగించింది. "లెగకండి" అని రూబీ చేత మరీ మరీ చెప్పించింది.

తిరిగొచ్చాక మొదటి సంతరోజున లింగాలమెట్టలో ఆటో దిగితే సంత లేదు. చుట్టూ రేకులు పాతేశారు. జనమంతా బైపాస్ అవతలికి పోయారు. లోపల జేసీబీ నేల గోకుతోంది. మైలురాయి పక్కన కొత్త బోర్డు నిలబడి ఉంది, ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. 'కీ.శే. జగ్గమ్మ గారి కేక. ఇచ్చట చెవి ఆనించి వినవలెను.'

రాజకుమారి చెవి ఆనించింది. కెల్‌బ్రిగ్‌లో విన్న మూలుగే. తను తిరిగొచ్చేలోపు అత్త ఇంతకు దిగిపోయింది.

బోర్డును రెండు చేతులా పట్టి ఊపి పెకలించింది. అక్షరాలు పైకొచ్చేలా నేల మీద పరిచి, వాటి మీద నెత్తళ్ళు కుమ్మరించింది. వెనక కూర్చుంది. కొనడానికి నరపురుగు లేదు. జేసీబీ హోరులో అత్త మూలుగు కలిసిపోయింది. నోరున్నవాడిదే రాజ్యమంటారు. ఆ రోజు అక్కడ నోరున్నది యంత్రానికే.

రాజకుమారి నోరు తెరిచింది. మొదటిసారి గొంతు చిట్లి గాలే వచ్చింది. ఇన్నేళ్ళు వాడని గొంతు. సిగ్గేసింది. రెండోసారి కడుపులోంచి లాగి అరిచింది. "నెత్తళ్ళో... ఎండు నెత్తళ్ళో..." నరసింగరావు మీద కోపం, పార్వతి ఎకసెక్కం, రాతిలో మూలిగిన పరాయి ఆడదాని మీద జాలి, అన్నీ ఆ కేకలోకి వచ్చేశాయి.

జేసీబీ ఆగింది. డ్రైవరు గోవింద్ దిగి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"నెత్తళ్ళేనా అప్పా? ఈ సైటుకొచ్చిన కాడ్నుంచి ఒట్టి పప్పే తింతన్నాను. ఇంత కట్టు."

బోణీ. నోటు కళ్ళకద్దుకుంది. నెత్తి మీద జగ్గమ్మ కేక గొంతు సవరించుకుని లేచింది.

బైపాస్ అవతల కొత్త దిమ్మల మీద అప్పటికి ఎవరికీ బేరం సాగలేదు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది. చెవులు ఇటే వేసుకుని, తక్కెళ్ళు కింద పెట్టుకుని కూర్చున్నారు. కేక వినబడగానే అందరికంటే ముందు పార్వతి అల్లం గంపతో రోడ్డు దాటింది. రేకు వంచుకుని లోపలికొచ్చి, ఎప్పటి చోటే కూర్చుంది. వెనక వంకాయలు వచ్చాయి, కుండలు వచ్చాయి. పార్వతి తల పైకెత్తి కాసేపు విన్నది. ఈసారి ఎకసెక్కమాడలేదు.

నరసింగరావు బండి మీద వచ్చి దిగాడు. చొక్కా నలిగి ఉంది.

"ఏటప్పా ఇది? ముందు ఆ అరుపు ఆపు. నోరు మూసుకో."

"మూసుకునే ఉన్నాను బాబూ. సూడు."

చూశాడు. రాజకుమారి పెదవులు బిగించి ఉన్నాయి. అయినా మైలురాయి పైన, అత్త కేక పక్కనే, ఇంకో కేక మోగుతోంది. కాస్త బొంగురుగా, కోపంగా, ఆగకుండా. దాని కింద ఏ గదికి గోడ లేచినా ఆ గదిని అద్దెకు తీసుకునేవాడు పుట్టడని నరసింగరావుకు తెలుసు. బైపాస్ వైపు చూశాడు. దిమ్మలన్నీ ఖాళీ.

రాజకుమారి చెయ్యి చాపింది. అరచేతిలో ఆశీలు ఉంది. "తీసుకో" అంది. పక్కన పార్వతి చెయ్యి చాపింది. ఆ పక్కన కుండలవాళ్ళు చాపారు.

నరసింగరావు నలిగిన చొక్కా సవరించుకున్నాడు. తర్వాత జేబులోంచి చీటీల కట్ట తీసి, మొదటిది రాజకుమారికి చింపాడు.