ఆసుపత్రి ముందు దారి

మా రబ్బరు తోట ఆసుపత్రికి రెండు దారులుండేవి. ముందువైపు నిటారుగా మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. వెనకవైపు మాత్రం నున్నటి సిమెంటు వాలు. శవాలను చక్రాల బండిమీద కిందనున్న శవాలగదికి దించడానికి అది. చచ్చినవాళ్ళు కుదుపు లేకుండా దిగాలి, బతికినవాళ్ళు రొప్పుతూ ఎక్కాలి. కట్టించిన తెల్లదొర తెలివికి దండం పెట్టాలి. నేను అక్కడ ఆయాను. ఆ మెట్లు కడుగుతూ దొరను తిట్టని రోజు లేదు. తెలుగులో తిట్టాను కాబట్టి నా ఉద్యోగం నిలిచింది.

మా లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, తెలుగువాళ్ళెవరూ వెనక దారిన ఆసుపత్రిలోకి వచ్చేవారు కాదు. శవం దిగిన దారిన ప్రాణమున్న మనిషి ఎక్కితే, మళ్ళీ శవమై ఆ దారినే దిగుతాడని పెద్దల నమ్మకం. శవాల బండి తోసేది నేనే. అయినా బండి కింద దించాక చుట్టూ తిరిగి వచ్చి ముందు మెట్లెక్కేదాన్ని. అది నమ్మకమో, భయమో, ఒట్టి అలవాటో నాకే తెలియదు.

కాంతయ్య నా తమ్ముడు. రబ్బరు చెట్లు గీసి పాలు తీసేవాడు. అవి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో తిరుగుబాటుదారులు, రోడ్డుమీద సిపాయిలు, మా లైన్ల చుట్టూ ముళ్ళకంచె. ఒకనాడు తోట లారీమీద కాల్పులు జరిగాయి. లారీ బోల్తాపడి వాడి రెండు కాళ్ళూ దానికింద నలిగిపోయాయి. పట్నం ఆసుపత్రిలో మోకాళ్ళపైదాకా తీసేసి ఇంటికి పంపారు. తోటలో చీనా వడ్రంగి ఒక పలకకు చక్రాలు బిగించి ఇస్తే, చేతులతో నేలను తోసుకుంటూ వాడు లైన్లంతా తిరిగేవాడు. కాని ఒకవైపు కోత మానలేదు. తరచుగా కట్టు మార్చాలి. కట్టు మార్చే డ్రెస్సర్ గోవిందన్ గారు మెట్లపైన, మావాడు మెట్లకింద.

"వెనకనించి తీసుకురా లా, కన్నమ్మా. చక్రాలు బాగా పోతాయి" అన్నారాయన తన అరవ తెలుగులో, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

కాంతయ్య పలకమీదనుంచే తల అడ్డంగా ఊపాడు. "నాను రాను డ్రెస్సరయ్యా. కాళ్ళు పోయినాయి గాని పేనం పోలేదు కదా."

కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తామని పక్క ఇళ్ళ మగవాళ్ళు నలుగురు వచ్చారు. "నలుగురు మోసే రోజు ఎలాగా వస్తాది. ఇప్పట్నించీ ఎందుకు?" అని నవ్వాడు. వాళ్ళు తలలు దించుకుని వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది నా వీపే. వాణ్ణి వీపుమీద ఎక్కించుకుని ఒక్కో మెట్టూ ఎక్కేదాన్ని. మా వాళ్ళలో అక్కను అప్ప అంటారు. "అప్పా, నానేటి సంటిగుంటడినా?" అని నా చెవిలో గొణిగేవాడు. వాడి కన్నీళ్ళు నా మెడమీద పడేవి. చెమట అనుకున్నట్టు నటించేదాన్ని. అంతకంటే ఏం చెయ్యగలను? కొన్నాళ్ళకు నన్ను ముట్టుకోనివ్వలేదు. మెట్లకు వీపు పెట్టి, చేతులమీద లేస్తూ తనే వెనక్కి ఎక్కడం మొదలుపెట్టాడు. పైకి చేరేసరికి కట్టు ఊడి, కోత మళ్ళీ చిట్లి రక్తం కారేది. మానడానికి వచ్చేచోట పుండు పెద్దది చేసుకునేవాడు.

అది చూడలేక గోవిందన్ గారు తోట దొర దగ్గరికి వెళ్ళి, ముందువైపు చెక్కలతో ఒక వాలు వేయించమని అడిగారు. దొర సరేనన్నాడు. పోలీసు అధికారి వద్దన్నాడు. చెక్కల కింద బోలుగా ఉంటే అడవిలోవాళ్ళకు బియ్యం దాచిపెడతారట. అప్పట్లో కంచె దాటి గుప్పెడు బియ్యం పట్టుకెళ్ళినా జైలే. మెట్లకింద మనిషి కనిపించలేదు గాని, చెక్కలకింద బియ్యం కనిపించిందా మహానుభావుడికి. పోనీ, బోలు లేకుండా మట్టితో పోయిస్తామని గోవిందన్ గారు అడిగితే, మెర్డేకా తర్వాత చూద్దామన్నాడు దొర. మెర్డేకా అంటే అక్కడి భాషలో స్వతంత్రం, ఆ ఏడాదే దేశానికి వస్తోంది. ఏ పనైనా సరే, మెర్డేకా తర్వాతే.

"మెర్డేకా వచ్చి మన్ను మోస్తాదేటి?" అన్నాడు కాంతయ్య. "మనమే మోద్దాం."

పని దిగినవాళ్ళు కర్ఫ్యూ పడేలోగా ఎర్రమట్టి తెచ్చి పోసేవారు. ఆడవాళ్ళం బుట్టలు ఎత్తాం. మట్టిని మెట్లమీదే పోసుకుంటూ వచ్చాం. తమ్ముడు కింద పలకమీద కూర్చుని, ఎక్కడ దిమ్మిస కొట్టి మట్టి గట్టిపరచాలో, ఎక్కడ రాయి పెట్టాలో కేకలేసి చెప్పేవాడు. కాళ్ళు పోయాక వాడి గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. మా అమ్మ వెంకమ్మ గంజి తెచ్చి వాడి పక్కనే కూర్చునేది. పక్షవాతంతో ఒకవైపు పడిపోయిన దాలమ్మవ్వ కూడా కోడలి భుజం పట్టుకుని వచ్చి చూసేది.

"నీకు దారి పడితే నాకూ పడతాది రా, నాయనా. సచ్చేలోగా ఓ మందుసుక్క తాగుతాను" అనేది.

"మెర్డేకా నాడు ముందు నాను ఎక్కుతాను. ఎవలూ నన్ను ముట్టుకోకూడదు. నా ఎనకే నువ్వు" అనేవాడు వాడు.

మెర్డేకాకు వారం ముందు ముసురు పట్టింది. వాలు పైదాకా వచ్చింది గాని పైమట్టి ఇంకా పచ్చిదే. ఆ వానలోనే ఒక రాత్రి తమ్ముడికి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, కోత నల్లబడి వాసన వేస్తోంది. ఆసుపత్రి కంచె బయట ఉంది, గేటు తెల్లవారితే గాని తెరవరు. తెరవగానే అమ్మా నేనూ పలక తోసుకుంటూ పరుగెత్తాం. వాలుమీద చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. కింద మెట్లు కప్పబడిపోయాయి, అవీ లేవు. వాణ్ణి వీపుమీద వేసుకుని ఎక్కబోయాను. కాలు జారి ఇద్దరం బురదలో పడ్డాం. వాడు మూలిగాడు.

నేను పలకను వెనక్కి తిప్పాను.

"ఏ దారమ్మటే అప్పా?" కళ్ళు తెరవకుండానే అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "ఎనక దారిరా. ముందంతా బురద."

పలక అంచు గట్టిగా పట్టుకున్నాడు. "సరే. దిగేటప్పుడు మాత్రం ముందమ్మటే దింపు."

"అలాగే నాయనా. ముందమ్మటే దింపుతాను" అన్నాను. అమ్మ వింది.

సిమెంటు వాలుమీద పలక ఎంత సులువుగా ఎక్కిందో చెప్పలేను. ఒక వేలితో తోసినా పోయేలా ఉంది. ఆ సులువుకే నా గుండె పగిలింది.

గోవిందన్ గారు చెయ్యగలిగినదంతా చేశారు. విషం రక్తంలోకి ఎక్కిందన్నారు. మర్నాటి మధ్యాహ్నం తమ్ముడు పోయాడు. ముందురోజే వాన వెలిసి, ఎండ విరగకాసింది. ముందు వాలు ఎండకు గట్టిపడి ఎర్రగా నిగనిగలాడుతోంది. నా ఏడుపు నాకే వినిపించడం లేదు.

నేను వాణ్ణి బండిమీద పడుకోబెట్టి గుడ్డ కప్పాను. గోవిందన్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు, "ముందు దారి ఆరింది, కన్నమ్మా. అటే తీసుకుపో. నేను ఎవరికీ చెప్పను లా."

"అవునే, ముందమ్మటే దింపు" అంది అమ్మ. "మాటిచ్చినావు కదా."

బండిని ముందు గుమ్మందాకా తోశాను. కింద జనం నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు దాలమ్మవ్వ, కోడలి భుజం మీద వేలాడుతూ. నా బండి చూడగానే ఆవిడ వాలు మొదట్లోంచి ఒక్క అడుగు వెనక్కి వేసింది. చేతులు జోడించింది, అంతే. నాకు అర్థమైంది. ఈ దారిన ఒక్క శవం దిగితే ఇక ఇదీ శవాల దారే. దాలమ్మవ్వ ఎక్కదు. రేపు కాలు విరిగినవాడెవడూ ఎక్కడు. నా తమ్ముడు కూర్చుని దిమ్మిస కొట్టించిన మట్టంతా వృథా.

వాడికిచ్చిన మాట ఒకటే. అది వాడు ప్రాణంలా అడిగిన మాట. అయినా బండిని వెనక్కి తిప్పాను.

"ఏటి సేస్తున్నావే? వాడేటి అడిగినాడు, నువ్వేటి సేస్తున్నావు?" అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఎనకమ్మటే పోదామమ్మా" అన్నాను. చెయ్యి విడిపించుకుని బండి తోశాను. తమ్ముడు శవాల దారిన ఎక్కాడు, శవాల దారినే దిగాడు. పెద్దల నమ్మకమే గెలిచిందని లైన్లలో అనుకున్నారు.

అమ్మ నాతో మాట మానేసింది. మెర్డేకా నాడు ఆసుపత్రి ముందు కొత్త జెండా ఎత్తి మిఠాయి పంచారు. పిల్లలు కేకలు పెడుతున్నారు. దాలమ్మవ్వ కోడలి చెయ్యి పట్టుకుని వాలెక్కింది. పైన నిలబడి కింద తమ్ముడు కూర్చునే చోటు ఖాళీగా ఉండటం చూసి కళ్ళొత్తుకుంది. నేను గంజి గిన్నెలు తోముతూ లోపలే ఉండిపోయాను.

ఆ తర్వాత వానాకాలంలో అమ్మ మోకాళ్ళు వాచాయి. ఎన్ని రోజులు ఓర్చుకుందో, ఒక ఉదయం కర్ర పట్టుకుని తనే వచ్చింది. వాలు కింద చాలాసేపు నిలబడింది. నేను గుమ్మంలో ఉన్నాను, పిలవడానికి ధైర్యం చాల్లేదు. తనే మెల్లగా ఎక్కింది. సగంలో ఆగి, కర్ర చివరతో మట్టిని పొడిచి చూసింది. వానకు నానినా కర్ర దిగలేదు. పైకి వచ్చాక అన్నాళ్ళకు మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"గట్టిగానే కొట్టించినాడే నీ తమ్ముడు" అంది.