నీళ్లెన్నింటికొస్తాయి?

కుళాయి గురగురమంటే చాలు, చేతిలో ఏమున్నా పడేసి పరిగెత్తాలి నేను. ముందు గాలి వస్తుంది. తర్వాత రెండు బకెట్లు మురుగు వాసన కొట్టే నీళ్లు, అవి గచ్చు కడగడానిక్కూడా పనికిరావు. మూడో బకెట్ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఫరవాలేదనిపిస్తే అప్పుడు సంపు మూత తీసి పైపు వదలాలి. రోజూ వస్తాయి, కాదనను. ఎన్నింటికి అంటే మాత్రం వాళ్లిష్టం. అయిదింటికి రావచ్చు, పదకొండింటికి రావచ్చు. వచ్చాక ముప్పావు గంటే. ఆ ముప్పావు గంట కోసం, ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్లలో పొద్దుటి పూట ఒక్కనాడూ గుమ్మం దాటింది లేదు.

మా అక్క ఊరికి ఆ చివర ఉంటుంది. నర్సు. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తే మళ్లీ రాత్రికే రావడం. అందుకని పొద్దున ఏడింటికి వాళ్ల పార్కులో ఓ బెంచీ మీద కూర్చుని నాకు ఫోన్ చేస్తుంది. "రావే, పక్కన చోటుంచాను" అంటుంది. వెనకాల పిట్టల గోల వినిపిస్తుంటుంది. నేను ఓ చెవి పిట్టలకీ ఓ చెవి కుళాయికీ అప్పగించి "వస్తానక్కా, ఈ వారం తప్పకుండా" అంటాను. పదకొండేళ్లుగా అదే వారం నడుస్తోంది. ఆ బెంచీ మీద, లేత ఎండలో, అక్క భుజానికి భుజం ఆనించి, ఏ పనీ లేకుండా ఊరికే కూర్చోవాలని నాకెంత ఆశో ఎవరికీ చెప్పలేదు. చీర అడిగితే అర్థం ఉంది, నగ అడిగితే అర్థం ఉంది. ఓ పొద్దుటి పూట కావాలని ఎవరైనా అడుగుతారా? "సాయంత్రం వెళ్లొచ్చుగా" అంటారు మా ఆయన. సాయంత్రం అక్క డ్యూటీలో ఉంటుందని వందసార్లు చెప్పాను. నూటొకటోసారి కూడా అదే సలహా.

నీళ్లు వచ్చిన టైము క్యాలెండర్ గడిలో పెన్సిలుతో రాయడం నాకు అలవాటు. ఎందుకు రాస్తానో నాకే తెలీదు. ఏదో ఒక లెక్క దొరికితే ముందే పసిగట్టి, పని ముగించుకుని పరిగెత్తొచ్చని కాబోలు. అత్తగారు చూసినప్పుడల్లా "క్యాలెండరంతా చీమలు పాకినట్టు ఏంటమ్మా అది" అంటారు. ఏడాది అయిపోగానే ఆ కాగితాలు వంటింటి అలమారలో గిన్నెల కింద పరుస్తాను.

ఇంతలో నీళ్ల బోర్డు వాళ్లు ఛార్జీలు పెంచుతామన్నారు. పెంచే ముందు జనం గోడు వినాలని రూలట. జనం తరఫున మాట్లాడ్డానికి ఓ లాయరమ్మని పెట్టారు. ఆవిడ వీధి వీధీ తిరుగుతూ మా వీధికీ వచ్చింది. మా ఆయన కాలనీ సంఘానికి సెక్రెటరీ కదా, మీటింగు మా ముందు గదిలోనే. పన్నెండు మంది మగాళ్లు, నేను పెట్టిన పన్నెండు టీలు. మీటర్ల మీద ఒకాయన, డ్రైనేజీ పన్ను మీద ఒకాయన ఉపన్యాసాలు దంచేస్తున్నారు. లాయరమ్మ అంతా రాసుకుని, తల పైకెత్తి ఒకే ఒక్క ముక్క అడిగింది.

"సరే, మీ వీధిలో నీళ్లెన్నింటికొస్తాయి?"

"పొద్దున్నేనండీ" అన్నారొకరు. "నేను స్నానానికి లేచేసరికి ఉంటాయి మరి" అన్నారింకొకరు. మా ఆయన కుర్చీలోంచే వంటింటి వైపు మెడ సాచి కేకేశారు. "ఇదిగో, నీళ్లెన్నింటికొస్తాయి?"

"ఇవాళ ఏడూ ఇరవై. నిన్న తొమ్మిదీ ముప్పావు. మొన్న అయిదూ పది" అన్నాను, గిన్నె తోముతూనే. "ఏడూ ఇరవై అండీ" అని తనకే తెలిసినట్టు అందించారు ఆయన. లాయరమ్మ ఊరుకోలేదు. లేచి వంటింట్లోకే వచ్చేసింది. గోడమీది క్యాలెండర్ చూసింది. "పాతవి ఉన్నాయా?" అంది. గిన్నెలన్నీ కింద పెట్టి, అలమార అరల్లోంచి ఏళ్లకేళ్లు లాగి ఆవిడ చేతిలో పెట్టాను. ఒకదాని మీద నూనె మరక. "బోర్డు కాగితాల్లో రోజూ ఆరింటికని ఉంది. విచారణకి మీరొచ్చి ఇది చెప్పాలి" అందావిడ. నన్ను! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటికీ ఓ టైమంటూ లేదు.

ఆవిడ అటు వెళ్లగానే మా ఆయన అన్నారు, "నీకెందుకు శ్రమ, రాసివ్వు, నేను చదువుతా. పదింటికట విచారణ. నువ్వెళ్తే నీళ్లెవరు పడతారు?" అత్తగారు అందుకున్నారు. "మేం నూతిలోంచి తోడుకున్నాం. ఏ విచారణకైనా వెళ్లామా?" నిజమే పాపం, ఆవిడని ఎవరూ పిలవలేదు.

రాసిచ్చాను. అలవాటు ఎక్కడికి పోతుంది! ఆయన అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుని చదువుతున్నారు. "మేము ప్రతిరోజూ కుళాయి దగ్గర పడిగాపులు కాస్తూ..." ఆ 'మేము' దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది.

విచారణ రోజున తొమ్మిదైనా నీళ్లు రాలేదు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, ఆయన చేతిలోంచి నా కాగితం తీసుకుని, క్యాలెండర్లు సంచిలో పెట్టి చెప్పులేసుకున్నాను. "ముందు రెండు బకెట్లు పారబొయ్యండి. మూడోది వాసన చూడండి" అన్నాను.

"దేన్ని?" అన్నారాయన. అప్పటికి నేను మెట్లు దిగేశాను.

బోర్డు ఆఫీసు గుమ్మం దగ్గర గుమాస్తా ఫారం తీశాడు. 'వినియోగదారుడి పేరు' అని ఉంది దాని మీద. కనెక్షన్ మా మామగారి పేరున ఉందని చెప్పాను.

"ఆయన వచ్చారా?"

"ఆయన పోయి తొమ్మిదేళ్లండి."

"మరి మీరెవరు?"

"నీళ్లు పట్టేదాన్ని."

"ఫారంలో ఆ గడి లేదమ్మా."

"అయితే ఒకటి గీయండి" అన్నాను. ఈలోగా లాయరమ్మ వచ్చి నన్ను లోపలికి తీసుకెళ్లింది.

లోపల, విచారణ జరిపే పెద్దాఫీసరు ముందు బోర్డు ఇంజనీరు నిలబడి చెబుతున్నాడు. "ఆ వీధికి రోజూ ఉదయం ఆరింటికి ఠంచనుగా నీళ్లు వదులుతున్నాం సార్." సరిగ్గా అప్పుడు నా సంచిలో ఫోన్ మోగింది. ఆపుదామని తీసి, కంగారులో ఏదో నొక్కాను. మా ఆయన గొంతు హాలంతా వినిపించింది. "నీళ్లొచ్చేస్తున్నాయి! కంపు కొడుతున్నాయి! ఏ పైపు? మూత ఎలా ఊడుతుందిది?"

అందరూ నా వైపు తిరిగారు. లాయరమ్మ కళ్లతోనే కానివ్వమంది.

"ఏమండీ, టైమెంతయింది?" అన్నాను ఫోన్లో.

"ఇప్పుడు టైమేంటి నీ మొహం! పదీ ఇరవై!"

"రాసుకోండి సార్" అన్నాను పెద్దాఫీసరుతో. "మూత సంగతి మీరే చూసుకోండి" అన్నాను మా ఆయనతో. ఫోన్ పెట్టేశాను. హాల్లో నవ్వులు. ఇంజనీరు కాగితాలు ఇటు తిప్పి అటు తిప్పాడు. పెద్దాఫీసరు కళ్లద్దాలు తీసి, "ఇంతకీ మీరేం కోరుతున్నారమ్మా? ఛార్జీలు పెంచొద్దనా?" అన్నారు.

నా కాగితంలో పది పాయింట్లున్నాయి. ఒక్కటీ కంటికి ఆనలేదు. ఎదురుగా బెంచీ ఒకటే కనిపిస్తోంది, దాని మీద ఖాళీగా నా చోటు.

"ఆరింటికన్నారుగా, ఆరింటికే వదలండి. ఏడింటికి నేను బయటికెళ్లాలి."