పెరట్లో వేడినీళ్ళు

మా అత్త మొండిఘటం. ఫ్యాక్టరీలో ట్యాంకు పేలి, ఆ గ్యాసు మా వీధులన్నీ కమ్మేసి ఏడాది కావస్తున్నా, తన కొడుకు పోయాడంటే ఒప్పుకోదు. శవం దొరకలేదు మరి. "చూపించండి, అప్పుడు ఏడుస్తాను" అంటుంది.

కంపెనీ కాగితాల్లో నామినీగా అత్త పేరే ఉంది. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి మా పెళ్ళి కాలేదు. తరవాత మార్పించడానికి ఆయనకు తీరిక దొరకలేదు, నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు అత్త వేలిముద్ర వేస్తేనే పరిహారం. పరిహారం వస్తేనే మా బొంగరానికి పెద్దాసుపత్రి. ఒకచోట నిలవదని కూతురికి ఆ ముద్దుపేరు ఆయనే పెట్టాడు. గ్యాసు పీల్చినప్పటినుంచి దానికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

అత్త మాత్రం రోజూ సాయంత్రం పెరట్లో బకెట్టుతో వేడినీళ్ళు పెడుతుంది. షిఫ్టు దిగి వచ్చాక ఆయన అక్కడే ఒంటిమీది పొడి కడుక్కుని, గొంతు పుక్కిలించి, దగ్గీ దగ్గీ లోపలికొచ్చేవాడు. ఆ పొడి పీల్చి పీల్చి పట్టుకున్న బొంగురు దగ్గు అది.

"వాడొస్తున్నాడే. దగ్గు వినబడుతోంది. నీళ్ళు కూడా తగ్గుతున్నాయి చూడు" అనేది అత్త.

నాకు ఒళ్ళు మండేది. భయం కూడా వేసేది. నీళ్ళు నిజంగానే తగ్గేవి.

నిన్న సాయంత్రం కంపెనీ గుమాస్తా ఇంటికొచ్చాడు. గడువు ముగుస్తోందట. అత్త రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"బతికున్నవాణ్ణి చంపి డబ్బు తీసుకోమంటావా బాబూ?"

అప్పుడే పెరట్లో దగ్గు వినబడింది. బొంగురుగా, ఆగి ఆగి. అచ్చం ఆయనదే. గుమాస్తా బిత్తరపోయి నా మొహం చూశాడు.

"వచ్చాడు!" అంటూ అత్త పరుగెత్తింది. ఆమె వెనకే నేనూ పరుగెత్తాను. ఆయనే ఉంటాడనుకున్నాను, అబద్ధమెందుకు?

తలుపు తీస్తే బొంగరం. బకెట్టు పక్కన గొంతుకూర్చుని, వేడినీళ్ళు పుక్కిలించి ఉమ్ముతోంది. ఉమ్మిన నీళ్ళలో ఎర్రటి జీర.

"నేను దగ్గితే అమ్మ ఏడుస్తోంది నానమ్మా. అందుకే రోజూ ఇక్కడికొస్తున్నా. ఈ నీళ్ళకి గొంతు కాస్త హాయిగా ఉంటుంది" అంది.

అత్త దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. తరవాత కొంగుతో దాని మూతి తుడిచి, లోపలికి వచ్చి, ఆ తడిచెయ్యి అలాగే గుమాస్తా ముందు చాపింది.

"రాసుకో బాబూ. నా కొడుకు పోయాడు."

అప్పుడు ఏడ్చింది.