మనసులో వేసుకునే లెక్క

వార్డులో నర్సుగా చేసే అక్క చెప్పిన గుర్తులన్నీ పోగేసి, రోగి ఊపిరి తడబడబోతోందని ముందే హెచ్చరించే సాఫ్ట్‌వేర్ రాశాను. పేటెంట్ ఆఫీసు కొట్టేసింది. నర్సు మనసులోనే వేసుకోగల లెక్కట, ఆవిష్కరణే కాదట!

బావ రాసిన ప్రకటనల సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అదే ఆఫీసు కళ్లకద్దుకుని పేటెంట్ ఇచ్చింది. ఫోన్ మీద మన బొటనవేలు ఏ బొమ్మ దగ్గర ఆగితే ఆ రకం చెప్పులు చూపిస్తుందది.

"ఆ పని చెప్పుల కొట్టువాడు మన చూపు పట్టుకుని ఎప్పుడూ చేసేదేగా!" ఒళ్లు మండి బావ మీద అరిచాను.

డ్యూటీ నుంచి వచ్చిన అక్క ఆ తిరస్కరణ కాగితం చదివింది.

"ఇన్ని మంచాల లెక్క ఒకేసారి మనసులో వేసుకునే నర్సెవరో, ఆమెను మా వార్డుకు పంపమనరా. ఇవాళ నేను పక్క మంచం దగ్గర ఉండగానే ఒకాయన పోయాడు."