నరకం ఏ వంశానిది

కాంపో గ్రాసియా అనే మిషను ఊళ్ళో అందరికన్నా ముందు లేచేది గబిదాతే. లేచి మొహం కూడా కడగదు. ముళ్ళపొద రెమ్మలు కట్టిన చీపురు పట్టుకుని వాకిట్లోకి వస్తుంది. వాకిట్లో తమ్ముడి అడుగులు పడి ఉంటాయి. నిన్నంతా ఎటు నించి ఎటు తిరిగాడో ఓసారి చూసుకుని, ఊడ్చేస్తుంది. పొయ్యి వెలిగించడం, మాతే ఆకు మరగబెట్టుకోవడం, దేవుడికి దణ్ణం, అన్నీ ఆ తరవాతే.

తమ్ముడు ఉనోయ్ ఆ ఊళ్ళో ఉండడు. నాలుగు రోజుల నడక దూరంలో, చాకో ముళ్ళడవి నడిబొడ్డున ఉంటాడు. పదిహేనేళ్ళుగా అక్కా తమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అయినా అతను నిన్న నడిచిన నడక ఇవాళ తెల్లారేసరికి అక్క వాకిట్లో ఉంటుంది, అక్కడి మట్టితో సహా. ఓ రోజు ఎర్రదుమ్ము, ఓ రోజు బూడిద, ఓ రోజు ఉప్పు మడుగు గట్టున ఉండే తెల్లటి పొడి. ఎవరి చెయ్యయినా పట్టుకుని నడిస్తే వాళ్ళ అడుగులూ పడతాయంటారు గానీ, అతనెప్పుడూ ఒంటరిగానే నడిచాడు.

నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు ఆగి పలకరిస్తారు.

“ఏమ్మా గబిదాతే, మీవాడు నిన్న ఎటు పోయాడు?”

“తాబేళ్ళ కోసం తిరిగినట్టున్నాడు.”

“దొరికాయా?”

“దొరికితే ఇంత వంకరగా నడుస్తాడా? ఆకలి నడక ఇది.”

“పాపం. సాయంత్రం మా ఇంటికిరా, గుమ్మడికాయ కాలుస్తున్నాం,” అని డబ్బాలు ఎత్తుకుని వెళ్ళిపోతారు.

మిషను పాస్టరు గ్లెన్ గారిని ఊరంతా అయ్యగారంటారు. ఆయన కూడా మొదటిసారి చూసినప్పుడు వంగి, “మంచి పెద్ద పాదమే,” అని, ఆదివారం చర్చికి మాత్రం మానద్దని చెప్పి తన దారిన వెళ్ళిపోయారు.

ఆ అడుగులు మీవీ మావీ లాంటివి కావు. పలక బద్దల్లా నలుచదరంగా ఉంటాయి. వాళ్ళ జాతి, అయొరెయో జనం, అడవిలో తొడుక్కునే చెప్పులు ముందూ వెనకా ఒకే తీరుగా కోస్తారు. జాడ పట్టినవాడికి మనిషి నడిచాడని తెలిసినా, వెళ్ళాడో వచ్చాడో తెలియకూడదు. పశువుల దొడ్లవాళ్ళు వీళ్ళని “రెండు మడమలోళ్ళు” అనేది అందుకే. ఉనోయ్ మడమ ఎటుందో లోకంలో ఒక్క మనిషికే తెలుసు. పదేళ్ళప్పుడు తేనె కోసం చెట్టెక్కి పడ్డాడు. కుడి మడమ సరిగా అతకలేదు. అతకని మడమ నేలని గోరంత లోతుగా తొక్కుతుంది. ఆ కాలికి ఆకులు కట్టింది అక్కే.

ఇక ట్రక్కు సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే నోరు చేదెక్కుతుంది.

పదిహేనేళ్ళ కిందట ట్రక్కు అడవిలోకి వచ్చింది. అందులోంచి దిగినవాళ్ళు వీళ్ళ భాషే మాట్లాడారు, వీళ్ళ వంశాల పేర్లే అరిచారు. అంతకుముందు పట్టుబడ్డ చుట్టాలే వాళ్ళు. లోకం కింద ఆరని మంట ఒకటుందనీ, ప్రభువు పేరు తెలియకుండా చచ్చినవాళ్ళు అందులో పడతారనీ ఏడుస్తూ చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. కడుపు మండేది అక్కడే, నిజంగా ప్రేమతోనే చెప్పారు. నమ్మి ఎక్కారు. పన్నెండో రోజుకి దగ్గు మొదలైంది. కాంపో గ్రాసియాలో పాటలు సిద్ధంగా ఉన్నాయి, చొక్కాలు సిద్ధంగా ఉన్నాయి, పెట్టడానికి పేర్లు సిద్ధంగా ఉన్నాయి. మందు మాత్రం వచ్చే నెల వస్తుందన్నారు. వచ్చే నెలకి గబిదాతే మొగుడు లేడు. నాలుగేళ్ళ కూతురు గబి లేదు.

తొలి బిడ్డ పేరుతోనే తల్లినీ తండ్రినీ పిలవడం వాళ్ళ పద్ధతి. గబిదాతే అంటే గబి తల్లి. మిషను పుస్తకంలో మార్తా అని రాసుకున్నారు గానీ అయ్యగారు తప్ప అలా ఎవరూ పిలవరు. రోజుకి నలభైసార్లు ఊరు ఊరంతా చచ్చిపోయిన బిడ్డ పేరు పెట్టి పిలుస్తుంది. నలభైసార్లూ ఆమె పలుకుతుంది.

వాళ్ళ గుంపులో ట్రక్కు ఎక్కకుండా అడవిలోకి పరిగెత్తినవాళ్ళు ఇద్దరే. ఒకడు అప్పటికి పద్నాలుగేళ్ళ ఉనోయ్. రెండోది గబిదాతే అత్తగారు. పాముల భయం ఆవిడకి. చేతికర్రతో నేలని రెండుసార్లు పొడిస్తే గానీ అడుగు వేసేది కాదు. అలాంటి మనిషి ఆ రోజు కర్ర ఆనించకుండా పరిగెత్తింది. ఆవిడ బతికుందో లేదో ఆ తరవాత ఎవరికీ తెలీదు.

అంత జరిగినా గబిదాతేకి దేవుడి మీద కోపం లేదు. ఆదివారం అందరికన్నా గట్టిగా పాడేది ఆమే. కోపమంతా నరకం మీద. అది కొరకరాని కొయ్యలా ఆ ఊరి మధ్య పడి ఉంది. అయొరెయోలకి లోకంలో ప్రతిదీ ఏదో ఒక వంశానిది. వంశాలు ఏడు. వాన ఒకరిది, చిరుతపులి ఒకరిది, తేనెటీగ ఒకరిది. తెల్లవాళ్ళ వస్తువులు వస్తే అవీ పంచుకున్నారు. ట్రక్కు ఒకరికి పోయింది, అద్దం ఒకరికి పోయింది, పంచదార కోసం రెండు వంశాలు ఇప్పటికీ కీచులాడుకుంటాయి. ఒక వంశం సొత్తుని వాళ్ళని అడక్కుండా ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. అయ్యగారు మొదటిసారి నరకం గురించి బోధించిన రోజు ముసలాళ్ళు శ్రద్ధగా విన్నారు.

“బాగుంది. అది ఏ వంశానిది?” అని అడిగారు.

అయ్యగారు తెల్లబోయి, “ఎవరిదీ కాదు,” అన్నారు.

ఏ వంశమూ మాక్కావాలనలేదు. యజమాని లేని వస్తువు ఆ ఊళ్ళో అదొక్కటే మిగిలింది.

వానలు ఇంకా పట్టని రోజులు. ఉత్తరపు గాలి దుమ్ము రేపుతోంది. ఓ పొద్దున గబిదాతే చీపురుతో వాకిట్లోకి వచ్చి అలాగే నిలబడిపోయింది. తమ్ముడి అడుగుల పక్కన చిన్న అడుగులు. నలుచదరం చెప్పులే, అరచేతిలో ఇమిడేంత. కూచుని జానతో కొలిచింది. నాలుగేళ్ళ కాలు. తమ్ముడు అడవిలో ఇంకో గుంపు పిల్లని కట్టుకున్నాడనీ, బిడ్డ పుట్టిందనీ, ఆ బిడ్డ పేరుతో అతన్ని అడవి వేరే పేరు పెట్టి పిలుస్తోందనీ, ఆ పేరేమిటో తనకి తెలియదనీ అనుకుంటూ కూచుంది. ఎంతసేపు కూచుందో, ఊడవడం మరిచిపోయింది.

ఎలియాస్ వచ్చేశాడు. ఆమె మొగుడి తమ్ముడు అతను. ఆమెతోపాటే ట్రక్కులో వచ్చాడు. ఇప్పుడు చర్చిలో పెద్ద, ఆ ట్రక్కు నడిపేదీ అతనే.

“వదినా, ఇది బిడ్డ కాలు!” మోకాళ్ళ మీద పడ్డాడు. “స్తోత్రం ప్రభువా. ఉప్పు మడుగు మట్టి ఇది. నిన్న విమానంలో పోతున్న పశువుల దొడ్డి దొరకి అక్కడ పొగ కనబడిందట. వాళ్ళే!”

“లే. నా వాకిలి తొక్కకు.”

“ప్రభువు పేరు వినకుండా ఆ బిడ్డ చచ్చిపోతే?”

“పేరు విని చచ్చిపోయినవాళ్ళని చూశావుగా. మీ అన్నకి నువ్వే గొయ్యి తవ్వావు. మరిచావా?”

ఎలియాస్ మొహం వాడిపోయింది. “ఇప్పుడు మందులున్నాయి వదినా.”

“ఉన్నాయా? పోయిన వారం నా జ్వరానికి ఏమిచ్చారు? ఒక పాట.”

“మా అమ్మ కూడా వాళ్ళతో ఉందేమో. ముసలిది. ఇవాళో రేపో అన్నట్టుంటుంది. ఆవిడ కాలిపోతుంటే నేను పైన కూచుని పాటలు పాడాలా? నిద్ర పట్టడంలేదు వదినా, పదిహేనేళ్ళుగా.”

అతని భయం అబద్ధం కాదు. ఆ భయాన్ని మేకులా దిగ్గొట్టినవాళ్ళ మీద ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

“నా ప్రభువు నన్ను వెతుక్కుంటూ ట్రక్కెక్కి రాలేదురా,” అంది. “నేను అడవిలో దుంపలు తవ్వుకుంటున్నప్పుడే నా పక్కన ఉన్నాడు. పేరు తెలీదు నాకు, అంతే. పేరు తెలీనంత మాత్రాన పక్కన ఉన్నవాడు లేచి వెళ్ళిపోతాడా?”

మూడు రోజులు వరసగా అవే అడుగులు పడ్డాయి. తూర్పు పడమరలుగా, గీత గీసినట్టు. ఆమె ఊడ్చే లోపలే ఎలియాస్ వచ్చి నిలబడేవాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అయ్యగారు ఆమెని ముందుకి పిలిచారు. మంచి గొంతు ఆయనది, చెయ్యి చాపి పిలిస్తే పిల్లలు కూడా వెళతారు.

“మార్తమ్మా, ఉప్పు మడుగు నించి బాటలు రెండే. ఒకటి తూర్పుగా మన వైపు వస్తుంది, ఒకటి పడమటి అడవిలోకి పోతుంది. వానలు పడితే రెండూ మూసుకుపోతాయి. నీ తమ్ముడు ఎటు నడుస్తున్నాడో నీకు తెలుసు. గ్రంథం మీద చెయ్యి వేసి చెప్పు తల్లీ.”

“చెప్పకపోతే?”

“దొడ్డి దొర ఇంకో ట్రక్కు ఇస్తానన్నాడు. రెండు వైపులా వెళతాం. ఎలాగైనా తెస్తాం. ఒక్క బిడ్డని కూడా మంటకి వదలం.”

రేకుల కప్పు కింద రెండు వందల మంది ఆమెనే చూస్తున్నారు. ముందు వరసలో ఎలియాస్, గుప్పిళ్ళు బిగించుకుని. గబిదాతేకి ఆ పొద్దుటి అడుగు కళ్ళ ముందుంది. లోతైన మడమ తూర్పు కొసన ఉంది. వేళ్ళు పడమటికి ఉన్నాయి. తమ్ముడు బిడ్డ చెయ్యి పట్టుకుని లోపలికి, ఇంకా లోపలికి పోతున్నాడు.

ఆ గ్రంథం ఆమెకి ఆటవస్తువు కాదు. అక్షరాలు రాకపోయినా పొద్దున్నే కళ్ళకద్దుకునే మనిషి. చెయ్యి వేసింది. ప్రభువా, ఇది నీకూ నాకూ మధ్య, అనుకుంది.

“తూర్పుకి,” అంది. “ఇటే వస్తున్నారు.”

అయ్యగారి మొహం చూడాలి మీరు! కళ్ళనిండా నీళ్ళు. “చూశారా? మనం వెళ్ళక ముందే ఆత్మ వాళ్ళని మన దగ్గరికి నడిపిస్తోంది!” అన్నారు. ఆ మాట వినడానికి ఆయన ఎన్నాళ్ళుగా ఆకలి మీద ఉన్నారో, అమాంతం మింగేశారు. రెండో ట్రక్కు ఊసే ఎత్తలేదు. జనమంతా లేచి పాడారు. గబిదాతే కూడా పాడింది, అందరికన్నా గట్టిగా.

చొక్కాలు, బియ్యం మూటలు వేసుకుని ట్రక్కు తూర్పు బాట పట్టింది. పదకొండు రోజులు ఆ బాట పక్కన కాపు కాశారు. పన్నెండో రోజున ఆకాశం తెగిపడింది. ట్రక్కు ఇరుసుల దాకా కూరుకుపోతే వదిలేసి, తొడల లోతు బురదలో నడిచి వచ్చారు. అయ్యగారు ఎవరితోనూ మాట్లాడకుండా తలుపేసుకున్నారు. ఎలియాస్ మాత్రం తడిబట్టలతో తిన్నగా వదిన గుడిసె దగ్గరికి వచ్చి, చూరు కింద నిలబడ్డాడు.

“తూర్పున ఒక్క అడుగు లేదు. అబద్ధం ఆడావు వదినా.”

“ఆడాను.”

“గ్రంథం మీద చెయ్యి పెట్టి.”

“ఈ చెయ్యే. చూసుకో.”

“అబద్ధికులు ఎక్కడికి పోతారో తెలుసా నీకు?”

“పదిహేనేళ్ళుగా ఊదరగొడుతున్నావుగా, తెలీకేం! పోతాను. కానీ ఊరికే పోను మరిదీ. నువ్వు చర్చి పెద్దవి, సాక్షివి, విను. నరకాన్ని ఇన్నాళ్ళూ ఏ వంశమూ తీసుకోలేదు. మేం తీసుకుంటున్నాం. ఇవాళ్టి నించి అది మా వంశానిది.”

ఎలియాస్ మొహం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు.

“మా సొత్తులో మమ్మల్ని అడక్కుండా ఎవరైనా ఏదైనా పెట్టొచ్చా? నోరు తెరిచి చెప్పు.”

“పెట్టకూడదు,” అన్నాడు. పుట్టినప్పటి నించీ వింటున్న పద్ధతి, నాలుక దానంతటదే చెప్పేసింది.

“అయితే మీ అన్నని అందులో పెట్టనివ్వను. మా గబికి అప్పటికి ప్రభువు పేరే సరిగా పలకడం రాదు, దాన్ని పెట్టనివ్వను. మీ అమ్మ ప్రభువు పేరు విననీ, వినకపోనీ, ఆవిడని ఆ గుమ్మం తొక్కనివ్వను. మంట అనే మాట పట్టుకుని పసిపిల్లల్ని ట్రక్కెక్కించినవాళ్ళు ఎవరైనా వస్తే, వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. వెళ్ళి అయ్యగారికి చెప్పు. దేవుడికి నేనే చెప్పుకుంటాను. ఆయనకి మా పద్ధతులు తెలుసు. మాకు ఈ పద్ధతులు పెట్టింది ఎవరనుకున్నావు?”

ఎలియాస్ చూరు కింద కూలబడ్డాడు. పెద్ద మనిషి, మీసాలు నెరిసిన మనిషి, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. మాతే కాచి ఒక గ్లాసు అతని పక్కన పెట్టింది.

అక్కడే, గోడకి జారబడి నిద్రపోయాడతను. పదిహేనేళ్ళలో మొదటిసారి, గురక పెట్టి మరీ నిద్రపోయాడు.

పొద్దున్నే వాన వెలిసింది. గబిదాతే చీపురు పట్టుకుని వచ్చి, “మరిదీ, లే,” అంది.

మెత్తటి బురదలో అచ్చు గుద్దినట్టున్నాయి. మధ్యలో ఉనోయ్ అడుగులు, వేళ్ళు పడమటికి. ఒక పక్కన అరచేతంత చెప్పులు. రెండో పక్కన, అతని ఇంకో చెయ్యి పట్టుకుని నడిచినట్టుగా, పొట్టి పొట్టి అడుగులు. వాటి ముందు కర్ర గుచ్చిన గుంటలు. అడుగుకి రెండు. ప్రతి అడుగుకీ రెండు.

ఎలియాస్ బురదలో బోర్లాపడి ఆ గుంటల్లో వేలు పెట్టి చూశాడు. ఒకదాని తరవాత ఒకటి, చివరి దాకా.

చర్చి వైపు నించి చప్పుడైంది. అయ్యగారు రబ్బరు బూట్లతో, చేతిలో కాఫీ గిన్నెతో వస్తున్నారు. గబిదాతే చీపురు ఎత్తబోయింది. అంతలోనే ఎలియాస్ లేచి ఆమె చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు. తల్లి అడుగుల మీదే మొదలుపెట్టాడు. బురద చిమ్మేలా, ఈ కొస నించి ఆ కొసకి ఊడ్చాడు.

“ఏం ఎలియాస్, ఈ పూట ఏమైనా పడ్డాయా?” అన్నారు అయ్యగారు.

“ఏం లేవు అయ్యగారూ. వానకి కొట్టుకుపోయాయి.”

ఆయన నిట్టూర్చి, వచ్చే ఏడు చూద్దామని వెళ్ళిపోయారు. ఎలియాస్ చీపురు మీద ఆనుకుని నిలబడ్డాడు.

“నేనూ ఆడాను వదినా, అబద్ధం. మీ వంశం నాకు అక్కడ చోటిస్తుందా?”

“పో మరిదీ, నిన్నూ రానివ్వను,” అంది గబిదాతే. “ఆ మూల ఇంకో గుంట మిగిలింది, సరిగా ఊడువు.”