పది బిళ్ళల షీటు

నేను ఒక మందుబిళ్ళల షీటును. అరచేతి పొడవు, వెండిరంగు రేకు వీపు, పది గుంటల పొట్ట. ఒక్కో గుంటలో నమిలే నికోటిన్ బిళ్ళ ఒకటి. నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. కాలే ఇనుప అచ్చు నన్ను పదిచోట్ల గుద్దింది. గుంటల్లో బిళ్ళలు పడగానే ఇంకో పలక వచ్చి మీద పడి మూతి మూసేసింది. ఏడవడానికి కూడా సందు ఇవ్వలేదు. ఇంతకీ నా పొట్టలో ఉన్నది ఏమనుకున్నారు? పొగాకు సారమే. మనుషులు పొగాకును ఆకులో చుట్టి అమ్ముతారు. అదే పొగాకు సారాన్ని నాలో కుక్కి, ఇది తిని అది మానండి అంటారు. నవ్వొచ్చింది గానీ, నాకు నోరేదీ?

పెద్దాసుపత్రిలో డాక్టర్ మేడమ్ నన్ను జలజ చేతిలో పెట్టింది. జలజకు ఇరవై రెండేళ్ళు. ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. చంకలో తొమ్మిది నెలల సిరి. ఆ పిల్ల ఊపిరి తీస్తుంటే ఛాతీలో పిల్లి గురక పెట్టినట్టు చప్పుడు. రెండు నెలల్లో రెండుసార్లు ఆక్సిజన్ పెట్టారు. రెండోసారి ఆమె మొగుడు భూమేశ్ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి బీడీ మానతానని ఒట్టేశాడు. ఇప్పుడు మాత్రం గేటు బయట తాగుతున్నాడు. ఇదే ఆఖరుదట.

"ఇంట్లో పొగ ఆగకపోతే మూడోసారి నేనేం చెప్పలేనమ్మా," అంది మేడమ్. బిళ్ళ వాడే పద్ధతి కూడా తలెత్తకుండా, రాసుకుంటూనే చెప్పింది. "ఒక్కసారికి ఒక్కటే. మెల్లగా నమలాలి. కారం తగలగానే ఆపి దవడకు ఒత్తిపెట్టాలి. కారం తగ్గాక మళ్ళీ నమలాలి. పసిపిల్లకు మాత్రం అందనీయకు, దానికి విషం."

బస్సులో ఊరొచ్చేదాకా జలజ ఆ మాటలు పెదవులతో వల్లించుకుంది. ఇంటికొచ్చాక నన్ను మొగుడి ముందు పెట్టింది గానీ, ఆ పద్ధతి మాత్రం చెప్పలేదు. బీడీ పడని పొద్దు అతని ముందు నోరు తెరిస్తే చెంప పగులుతుంది. అది ఆమెకు మేడమ్ చెప్పక్కర్లేదు.

భూమేశ్ రైసుమిల్లులో హమాలీ. గుట్కా పొట్లం చింపి నోట్లో ఒంపుకునే అలవాటున్న మనిషి. మధ్యాహ్నం నా రేకు చింపి మూడు బిళ్ళలు ఒకేసారి నోట్లో వేసుకుని కసకసా నమిలాడు. గుట్కా అయితే ఉమ్మేవాడు. ఇది మందు కదా, ఉమ్మితే దండగని ఊరిందంతా మింగాడు. కాసేపటికి గొంతు మండింది, వెక్కిళ్ళు పట్టుకున్నాయి. గడప దగ్గర కక్కుకుని లేచాడు.

"ఏందే గిది? నన్ను సంపుదామని తెచ్చినవా?"

"మూడు తినద్దయ్యా, ఒక్కటే..."

మాట పూర్తి కాలేదు. చెంప మీద పడిన దెబ్బకు జలజ గోడకు తగిలింది. రెండో దెబ్బ వీపు మీద. మూడోది కాలితో, ఆమె ఒళ్ళోని చాటకు. కత్తిరించిన ఆకులు, చుట్టిన బీడీలు, తంబాకు పొడి అన్నీ గాల్లోకి లేచి, పక్కన పాకుతున్న సిరి మొహం మీద పడ్డాయి. పిల్ల దగ్గింది. ఆపకుండా దగ్గింది. పెదవులు నల్లబడ్డాయి.

పక్కింటి పోసవ్వ పరుగున వచ్చి పిల్లను బయటి గాలికి ఎత్తుకుపోయింది. "నీ చెయ్యిరిగిపోను! పసిపొల్ల మొఖాన తంబాకు పోస్తవార?" అని వాకిట్లోంచి తిట్టింది. పిల్ల ఊపిరి కుదురుకునేదాకా భూమేశ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెక్కిళ్ళు మాత్రం ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే అతను చుట్టిన బీడీకట్ట మీద చెయ్యి వేశాడు. జలజ ఆకులు కోసే కత్తెర పట్టుకుని అడ్డం నిలబడింది.

"కొడితే కొట్టు. కొట్టేముందు గిది నోట్లె పెట్టుకో. మెల్లగ నములు. కారం తల్గంగనే ఆపి దవడకు ఒత్తు. నిన్ననే చెప్తుంటి, నువ్వు కొడ్తవని చెప్పలే."

అతను కత్తెర వైపు చూశాడు, ఆమె చెంప మీది వాపు వైపు చూశాడు. నాలోంచి ఒక బిళ్ళ తీసుకున్నాడు. ఆ రోజు ఇంట్లో పొగ లేదు. "నీ మొగడు ఎద్దు లెక్క నెమరేస్తున్నడే జలజా," అంది పోసవ్వ. జలజ నవ్వబోయింది, దవడ నొప్పి పుట్టి ఆగింది. చాట తీసుకెళ్ళి పోసవ్వ పంచలో పెట్టుకుంది. ఆ రాత్రి పిల్ల ఛాతీలో చప్పుడు లేదు. నేను కొంచెం గర్వపడ్డాను, నిజం చెప్పాలి కదా.

మూడోరోజు సాయంత్రం నాలో ఒక్క బిళ్ళే మిగిలింది. మిల్లులో ఎవరితోనో గొడవపడి భూమేశ్ మండిపోతూ వచ్చాడు.

"బీడీ తే."

జలజ ఆఖరు బిళ్ళ విప్పి అరచేతిలో పెట్టి చాచింది. అతను ఆ చేతిని కొట్టాడు. బిళ్ళ ఎగిరి ఎక్కడో పడింది. జుట్టు పట్టుకుని ఆమె తలను తలుపుకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. నెత్తురు కారుతుండగా నేలంతా వెతుకుతోంది.

"పిల్ల... బిళ్ళ... అగో, నోట్లె!"

సిరి బిళ్ళను చిగుళ్ళ మధ్య పెట్టుకుంది. భూమేశ్ జుట్టు వదిలేసి బోర్లా పడి పాకాడు. బస్తాలు మోసి కాయలు కాచిన వేలు పిల్ల నోట్లో పెట్టి లాగాడు. వచ్చింది. ఎక్కడా విరగలేదు, చిగుళ్ళ గాటు పడిందంతే. పిల్ల కెవ్వుమంది. ఆ ఏడుపు విని ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. అతను ఆ తడి బిళ్ళను అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత తన నోట్లోనే వేసుకున్నాడు. నమిలాడు. ఆపాడు. దవడకు ఒత్తాడు. చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

పొద్దున జలజ ఖాళీ అయిన నన్ను కొంగుకు కట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. ఈసారి గేటు దగ్గర భూమేశ్ ఊరికే నిలబడ్డాడు.

"బీడీ ఆగిందా?" అంది మేడమ్, రాసుకుంటూనే.

"ఆగింది మేడమ్."

"మంచిది. ఇంకో షీటు రాస్తున్నా." నన్ను తీసి చెత్తబుట్టలో వేసింది.

"మేడమ్, చెయ్యి లేవకుంట ఉండనీకె గూడ ఏమన్న షీటు ఉంటదా?"

కలం ఆగింది. మేడమ్ మొదటిసారి తలెత్తి ఆ నుదుటి కట్టును చూసింది. నాలో ఉన్నవి పది గుంటలే. పదింట్లోనూ ఆ మందు లేదు, బుట్టలోంచి ఆ మాట చెప్పే నోరూ నాకు లేదు.

మేడమ్ కుర్చీ చూపించింది. జలజ కూర్చోలేదు. పిల్లను భుజం మార్చుకుని, జవాబు కోసం అలాగే నిలబడింది.